మిగిలిన నూట నలుగురు

ద్రోణుడు చెట్టు మీద పిట్టబొమ్మ పెట్టి శిష్యుల్ని పరీక్షించిన కథ తెలియని తెలుగువాళ్ళు వుండరు. ఒక్కొక్కర్నీ పిలిచి "నీకేం కనిపిస్తోంది?" అని అడిగాడు. ధర్మరాజుకి చెట్టూ కనిపించింది, గురువుగారూ కనిపించారు, తమ్ముళ్ళూ కనిపించారు. మిగిలినవాళ్ళ జవాబులూ ఇంచుమించు అంతే. అర్జునుడొక్కడికే పిట్ట తల తప్ప మరేమీ కనిపించలేదు. బాణం వేశాడు, కొట్టాడు. కథ కంచికి, మనం ఇంటికి. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా "చూశావా, ఏకాగ్రత అంటే అదీ!" అని ముగించేవారు.

నాకు చిన్నప్పట్నించీ ఒక సందేహం. కౌరవులు నూరుగురు, పాండవులు ఐదుగురు. అర్జునుణ్ణి తీసేస్తే మిగిలినవాళ్ళు నూట నలుగురు. వాళ్ళ సంగతేమిటి? గురువుగారు వాళ్ళని పక్కకి తప్పుకోమన్నారే గాని, చెట్టునీ కొమ్మనీ వదిలి పిట్టనొక్కదాన్నే ఎట్లా చూడాలో నేర్పినట్టు ఆ కథలో లేదు. ఏకాగ్రత వున్నవాణ్ణి ఏరుకోవటం పరీక్ష. లేనివాడికి దాన్ని అలవాటు చెయ్యటం చదువు. మనం మొదటిదాన్ని చూసి మెచ్చుకుని రెండోదాన్ని మరిచిపోయాం.

ఆ సందేహం ఈమధ్య మళ్ళీ తలెత్తటానికి కారణం వుంది. మన సంఘంలో పిల్లలున్న ఇళ్ళల్లో శనివారం పొద్దున ఎవరూ ఆలస్యంగా లేవరు. ఒకరింట్లో ఈత, ఒకరింట్లో టెన్నిస్, ఇంకొకరింట్లో సాకర్. నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకి షటిల్ ఆడాను. ఆ పాపానికి, ఏడేళ్ళుగా శనివారాలు ఇక్కడి స్కూలు జిమ్ములో మన పిల్లలకి షటిల్ నేర్పుతున్నాను.

పిల్లల ఆట కోసం మనం పెట్టని ఖర్చు లేదు. రాకెట్టు, బూట్లు, కోచికి గంటకింత, పోటీలకి రెండు రాష్ట్రాల అవతలకి కారు ప్రయాణం, మోటెల్లో బస, వెంట పెరుగన్నం డబ్బా. కాళ్ళకీ చేతులకీ కావలసినవన్నీ అమరుస్తాం. పోటీలో పిల్ల చెయ్యి వణికినప్పుడు మాత్రం మన దగ్గర వున్న మందు ఒక్కటే: "ధైర్యంగా ఆడు." లేదా "టెన్షన్ పడకు." టెన్షన్ పడకుండా వుండటం ఎట్లాగో ఆ పిల్లకే తెలిస్తే మనం చెప్పేదాకా ఆగుతుందా?

దీనికి జవాబు వెతికిన వాళ్ళు ఈ దేశంలో నూట పాతికేళ్ళ నించీ వున్నారు. ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిలు పందేల లెక్కలు చూసి, ఒంటరిగా తొక్కేవాళ్ళ కంటె పక్కన పోటీ వున్నవాళ్ళు వేగంగా తొక్కుతున్నారని గమనించాడు. తర్వాత నలభై మంది పిల్లల చేత చేపల గాలపు చక్రాలు తిప్పించాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన ఇంకొకర్ని పెట్టి. 1898లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. "పోటీ వుంటే మనిషి బాగా చేస్తాడు" అని దాన్ని అందరూ ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆయన పట్టికలు చూస్తే సంగతి అంత తేలిక కాదు. నలభై మందిలో 20 మంది పోటీ పెట్టగానే వేగం పుంజుకున్నారు. 10 మందికి పెద్ద తేడా రాలేదు. మిగిలిన 10 మంది పోటీ పెట్టేసరికి దెబ్బతిన్నారు. రొప్పు, ఎర్రబడ్డ మొహం, బిగుసుకుపోయిన చెయ్యి. ఇవన్నీ ఆయన రాసిపెట్టాడు. గెలవాలన్న ఆత్రం వాళ్ళకేమీ తక్కువ లేదు, ఎక్కువైంది.

ఆ పది మందినీ నేను ప్రతి శనివారమూ చూస్తూ వుంటాను. మీరూ చూసే వుంటారు, ఆటలోనో కూచిపూడి వేదిక మీదో స్పెల్లింగ్ బీలోనో.

ఆ పది మందికి ఏం చెయ్యాలనే ప్రశ్నని మొట్టమొదట గట్టిగా పట్టుకున్నవాడు కోల్మన్ గ్రిఫిత్. 1925లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆటగాళ్ళ కోసమే ఒక ప్రయోగశాల పెట్టాడు. మరుసటి ఏడు కోచింగులో మనస్తత్వం గురించి ఒక పుస్తకం రాశాడు. డబ్బుకి ఇబ్బంది వచ్చి ప్రయోగశాల 1932లో మూతబడింది. 1938లో చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు యజమాని రిగ్లీ, మన చిన్నతనంలో చూసిన చూయింగ్ గమ్ కంపెనీ ఆయనే, గ్రిఫిత్‌ని జట్టుకి సలహాదారుగా పెట్టుకున్నాడు. గ్రిఫిత్ వెళ్ళి చూసి, మీ సాధనకీ అసలు ఆటకీ పోలిక లేదన్నాడు. ఊరికే బంతులు కొట్టుకుంటూ పోతే సాధన కాదు, ఆటలో వుండే ఒత్తిడిని సాధనలోకి తేవాలన్నాడు. జట్టు మేనేజర్లు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. మన ఆట మనకి తెలియదా, ఈ ప్రొఫెసరెవడు అన్న ధోరణి. ఆయన చెప్పినమాట ఆనాడు వృథాగా పోయినా ఇవాళ ఏ పెద్ద జట్టులోనూ దాన్ని కాదనే కోచి లేడు.

పాత చరిత్ర చాలు. నా శనివారాల సంగతి చెబుతాను.

మా దగ్గర ఒక అమ్మాయి వుంది, పదమూడేళ్ళది. పేరు చెప్పను. మామూలు రోజుల్లో తనకంటె పెద్ద మగపిల్లల్ని ఓడిస్తుంది. పోటీకి వెళితే సర్వీసు నెట్టుకి కొడుతుంది. ఒక పాయింటు పోతే వరసగా ఆరు పోతాయి. వాళ్ళ నాన్నగారు మంచి మనిషి, కూతురంటే ప్రాణం. ఒకనాడు ఆట అయ్యాక అందరి ముందూ నవ్వుతూనే అన్నారు: "దీనికి ఆట వచ్చండీ. గుండెధైర్యమే లేదు. పుట్టుకతోనే పిరికిది." ఆ పిల్ల అక్కడే కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటోంది. తలెత్తలేదు. మరుసటి శనివారం నన్ను పక్కకి పిలిచి, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో అడిగింది: "ఆంటీ, పిరికివాళ్ళు ఆడుకునే ఆట ఏదైనా వుందా?"

ఆ ప్రశ్నకి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. "పిరికి" అన్న మాట మనం ఎంత తేలిగ్గా వాడేస్తాం! ఎత్తు, రంగు లాగా అదీ పుట్టుకతో వచ్చేదన్నట్టు మాట్లాడతాం. పిల్లలు దాన్ని నమ్మేస్తారు. నమ్మినవాళ్ళు ఇంక ప్రయత్నం చెయ్యరు. అక్కణ్ణించి నేను ఈ మానసిక శిక్షణ సంగతి పట్టించుకుని చదివాను, కోచీలకి పెట్టే చిన్న తరగతులకీ వెళ్ళాను. నాకు అర్థమైనంతవరకు ఇందులో మంత్రాలేమీ లేవు. బాక్‌హాండ్ నేర్పినట్టే దీన్నీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కా విడిగా అలవాటు చెయ్యాలి. ముఖ్యంగా నాలుగు ముక్కలు: ఒంటిని సడలించటం, చూపు ఒకచోట నిలపటం, తనతో తాను మాట్లాడే మాట, జరగబోయేదాన్ని మనసులో ముందుగా చూసుకోవటం.

మొదటిది ఒంటి సంగతి. గుండె దడదడలాడటం, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పటం, ఇవి పిరికితనానికి గుర్తులని పిల్లలనుకుంటారు. అది ఒళ్ళు పనికి సిద్ధం కావటమే. అయితే దానికొక హద్దుంది. 1908లో యెర్కస్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకలతో చేసిన పరీక్షల్లో, తేలికపాటి పని నేర్చుకునేటప్పుడు షాకు కాస్త గట్టిగా వున్నా పనికొచ్చింది. కష్టమైన పనికి మాత్రం ఓ మోస్తరు షాకే మేలు చేసింది, మితిమీరితే చెడగొట్టింది. షటిల్‌లో ఇది నేను రోజూ చూస్తాను. ఉద్రేకంలో స్మాష్ బాగానే పడుతుంది. నెట్టు దగ్గర పూరేకులా తాకించవలసిన షాటు చెడుతుంది, పొట్టి సర్వీసు చెడుతుంది.

ఉద్రేకం తగ్గించటానికి చేతిలో వున్న పనిముట్టు ఊపిరి. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగానూ, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగానూ కొట్టుకుంటుంది. అందుకే పీల్చినదానికంటె ఎక్కువసేపు వదలమంటారు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలాలి. చికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో రాసిన పుస్తకంలోది ఇంకో పద్ధతి. పిడికిలి గట్టిగా బిగించి, ఆ బిగువు ఎట్లా వుందో గమనించి, వదిలెయ్యాలి. తర్వాత భుజం, తర్వాత దవడ. బిగుసుకున్న సంగతి తెలిస్తేనే గదా సడలించటం! చాలామంది పిల్లలకి తమ భుజాలు చెవుల దాకా లేచాయని ఎవరైనా చెబితే గాని తెలియదు.

ఇదంతా పిల్లలకి చేయిస్తూ వుంటే, మనవణ్ణి తీసుకొచ్చిన పెద్దాయన ఒకరు బల్ల మీద కూర్చుని చూస్తున్నారు. కృష్ణా జిల్లా నించి కొడుకు దగ్గరికి వచ్చారు. "ఏమమ్మా, గాలి పీల్చుకోటానిక్కూడా ఇక్కడ ట్యూషన్ పెట్టించుకోవాలా? మేం చెడుగుడు ఆడేవాళ్ళం. మట్టి తాకి కళ్ళకద్దుకుని, కూత పెట్టుకుని పోయేవాళ్ళం. అంతే" అన్నారు. "బాబాయిగారూ, మీరిప్పుడు చెప్పిందే నేను వీళ్ళకి నేర్పుతున్నాను" అన్నాను. ఆయన నవ్వారు గాని నేను వేళాకోళానికి అనలేదు. గీత దాటే ముందు ప్రతిసారీ అదే పని, అదే వరసలో. దాన్నే ఈ శాస్త్రంలో ఆటకి ముందు చేసే క్రమం అంటారు. కూత అంటే ఒకే ఊపిరిని దీర్ఘంగా వదలటం, మనసుకి పట్టుకోటానికి ఒక మాట ఇవ్వటం. మనవాళ్ళ దగ్గర పద్ధతి వుంది. దానికి పేరు పెట్టి, షటిల్ ఆడే పిల్లకీ ఈత కొట్టే పిల్లాడికీ అందించినవాళ్ళు లేరు.

రెండోది చూపు. టిమొతీ గాల్వే 1974లో టెన్నిస్ గురించి "ఇన్నర్ గేమ్" అనే పుస్తకం రాశాడు. ఆటగాడి లోపల ఇద్దరున్నారంటాడు. ఒకడు చెప్పేవాడు, ఒకడు చేసేవాడు. చెప్పేవాడు నోరు మూసుకోడు: మోచెయ్యి ఎత్తు, మణికట్టు వంచకు, అయ్యో మళ్ళీ పోగొట్టావు. ఆ అరుపుల్లో చేసేవాడికి తన పని తాను చెయ్యటానికి వీలుండదు. చెప్పేవాణ్ణి నోరు మూసుకొమ్మంటే వినడు గనక వాడికొక పని పెట్టాలి. బంతి నేలని తాకినప్పుడు ఒక మాట, రాకెట్టుకి తగిలినప్పుడు ఇంకొక మాట అనమంటాడు గాల్వే. ఆ రెండు మాటల కోసం బంతిని చూడక తప్పదు.

ఇది ఉత్త ఊహ కాదనటానికి తర్వాత రుజువులు దొరికాయి. 2023లో డార్ట్‌మత్ కాలేజీ అధ్యక్షురాలైన సయాన్ బైలాక్, అంతకుముందు పరిశోధకురాలిగా వున్నప్పుడు తోటివాళ్ళతో కలిసి 2002లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. బాగా చెయ్యి తిరిగిన గోల్ఫ్ ఆటగాళ్ళని తమ చేతికదలికనే గమనిస్తూ ఆడమంటే ఆట చెడింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదే గమనింపు మేలు చేసింది. ఇందులో కోచీలకి ఒక పాఠం వుంది. నేర్చుకునే రోజుల్లో మోచేతి గురించి ఎంతైనా చెప్పవచ్చు. పోటీ మధ్యలో చెప్పకూడదు. గోడ దగ్గర నిలబడి "మోచెయ్యి! మోచెయ్యి!" అని అరిచే తండ్రి, పిల్లకి వచ్చిన ఆటని రాకుండా చేస్తున్నాడు.

మూడోది తనతో తాను అనుకునే మాట. మా అమ్మాయికి ఒక క్రమం తయారు చేశాం. తయారు చేసింది తనే, నేను పక్కన వున్నాను. పాయింటు పోగానే నెట్టుకి వీపు తిప్పాలి. వెనక గీతదాకా నడవాలి. రాకెట్టు తంతుల్ని వేళ్ళతో సరిచేసుకోవాలి. ఒక దీర్ఘమైన ఊపిరి. ఒక మాట. తర్వాత షటిల్ ఎక్కడికి కొట్టాలో నిర్ణయించుకుని తిరగాలి. ఆ మాట ఏముండాలని అడిగితే చాలాసేపు ఆలోచించి "సరే" అంది. ఎందుకని అడిగాను. తెనాలిలో వున్న అమ్మమ్మ ఫోనులో ఏం చెప్పినా "సరే" అంటుందట. కరెంటు పోయినా సరే, పనిమనిషి రాకపోయినా సరే. "తర్వాత ఏం చెయ్యాలో చెప్పు అన్నట్టు అంటుంది ఆంటీ" అంది. నేను ఎన్ని పుస్తకాలు చదివినా అంత మంచి మాట నాకు తట్టేది కాదు.

గ్రిఫిత్ చెప్పినట్టు ఒత్తిడిని సాధనలోకి తెచ్చాం. ఆటని 18-18 దగ్గర మొదలుపెడతాను. మిగతా పిల్లలంతా చుట్టూ నిలబడి గోల చెయ్యాలి. ఓడినవాళ్ళు నెట్లు మడతపెట్టి లోపల పెట్టాలి. మొదట్లో ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆరేడు వారాలకి 18-18 అంటే మామూలు సంగతైపోయింది.

నాలుగోది మనసులో చూసుకోవటం. ఫెల్ట్జ్, లాండర్స్ అనే పరిశోధకులు 1983లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్క తేల్చారు. మనసులో చేసిన సాధన, ఏ సాధనా చెయ్యకపోవటం కంటె మేలు. ఒంటితో చేసిన సాధనకి మాత్రం సాటిరాదు. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆట వస్తుందనేవాళ్ళని నమ్మకండి. అయితే దీని అసలు ఉపయోగం వేరేచోట వుంది. మైకేల్ ఫెల్ప్స్ చేత కోచి బాబ్ బౌమన్ చిన్నప్పట్నించీ పందేన్ని మొదటినించి చివరిదాకా మనసులో ఈదించేవాడు, అన్నీ చక్కగా జరిగినట్టూ, ఏదో ఒకటి చెడినట్టూ కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో అతని కళ్ళద్దాల్లోకి నీళ్ళు చేరాయి. ఏమీ కనిపించలేదు. చేతులు ఎన్నిసార్లు వేస్తున్నాడో లెక్కపెట్టుకుంటూ ఈది గోడ తాకాడు. ఒక నిమిషం 52.03 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. జరగబోయే మంచిని మాత్రమే ఊహించుకున్నవాడు ఆ నీళ్ళలో కంగారు పడేవాడు.

మన ఇంటి ఉదాహరణే కావాలంటే సింధు వుంది. 2016 రియోలో వెండిపతకం వచ్చాక అందరూ నెత్తిన పెట్టుకున్నారు. 2017 గ్లాస్గో ప్రపంచ పోటీల ఫైనల్లో ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి 19-21, 22-20, 20-22 తేడాతో ఓడింది. 2018లో కామన్వెల్త్ క్రీడల్లో, ఆసియా క్రీడల్లో, ప్రపంచ పోటీల్లో మూడుచోట్లా ఫైనల్ దాకా వెళ్ళి మూడుచోట్లా వెండితోనే తిరిగొచ్చింది. "ఫైనల్ అంటే భయం" అని మనవాళ్ళు అరుగుల మీద కూర్చుని తీర్పులిచ్చారు. మా ఇంట్లో పండక్కి కలిసిన స్నేహితులే అన్నారు. 2019 బాసెల్‌లో అదే ఒకుహారాని ప్రపంచ పోటీల ఫైనల్లో 21-7, 21-7తో ఓడించింది. పిరికితనం పుట్టుకతో వచ్చేదైతే ఆ రెండేళ్ళలో ఎక్కడికి పోయింది?

సింధు చిన్నప్పుడు కోర్టులో నోరు విప్పేది కాదట. గోపీచంద్ ఆమెని అకాడమీలో అందరి ముందూ కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నాడనీ, అరిచేదాకా రాకెట్టు ముట్టుకోనివ్వనన్నాడనీ పత్రికల్లో వచ్చిన సంగతే. ఎవరో చదివి రేపు తమ పిల్లని అట్లా నిలబెడతారేమోనని నాకు భయం. అది ఏళ్ళతరబడి తెలిసిన శిష్యురాలికి గురువు ఇచ్చిన సాధన. ఇందులో చూడవలసింది అరుపు కాదు. కోర్టులో దూకుడుగా నిలబడటం కూడా నేర్పదగ్గ విద్యే అని ఆ గురువు నమ్మాడు, దానికొక అభ్యాసం పెట్టాడు. ద్రోణుడిలాగా "నువ్వు పక్కకి పో" అనలేదు.

నన్నడిగితే మన కథల్లో ద్రోణుడికంటె మంచి కోచి జాంబవంతుడు. సముద్రం ఒడ్డున హనుమంతుడు ఒక మూల మౌనంగా కూర్చుంటే "ధైర్యంగా దూకు" అనలేదు. నువ్వు పసివాడివిగా వున్నప్పుడే సూర్యుడి దాకా ఎగిరావు గదా అని, చేసిన పనులు గుర్తు చేశాడు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఆత్మవిశ్వాసం ఎక్కణ్ణించి వస్తుందో విడమరిచి రాశాడు. అన్నిటికంటె బలమైన ఆధారం తాను లోగడ నిజంగా చేసిన పని. ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాటకి బలం తక్కువ. అందుకే "నువ్వు సింహానివమ్మా" అంటే పిల్లకి ఎక్కదు. "పోయిన వారం 18-18 నించి మూడుసార్లు గెలిచావు" అంటే ఎక్కుతుంది.

ఇక కోచీల సంగతి, అందులో తల్లిదండ్రులూ కలిసే వున్నారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మాల్ అనే ఇద్దరు, పిల్లల బేస్‌బాల్ కోచీల పక్కన కూర్చుని వాళ్ళు అనే ప్రతి మాటా రాసుకున్నారు. తర్వాత కోచీలనీ పిల్లలనీ విడివిడిగా అడిగారు. తాము ఏం మాట్లాడుతున్నామో కోచీలకే సరిగ్గా తెలియదు! పిల్లలు చెప్పిందే రాసుకున్నదానికి దగ్గరగా వుంది. ఆ మీదట కోచీలకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. పిల్లవాడు తప్పు చేసిన వెంటనే తిట్టవద్దు, ముందు ఒక మంచిమాట, తర్వాత ఏం చెయ్యాలో ఒక్క ముక్క, మళ్ళీ మంచిమాట. గెలుపుని కాక ప్రయత్నాన్ని మెచ్చుకోండి. అంతే. 1992లో వచ్చిన ఫలితాల్లో, శిక్షణ పొందిన కోచీల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడు ఆట మానేసినవాళ్ళు నూటికి ఐదుగురు. శిక్షణ లేని కోచీల దగ్గర నూటికి ఇరవై ఆరుగురు. గెలుపోటముల్లో రెండు గుంపులకీ తేడా లేదు. అంటే ఆ పిల్లలు మానేసింది ఓడిపోయినందుకు కాదు.

ఈ సంగతి చదివాక ఆ అమ్మాయి నాన్నగారితో మాట్లాడాను. ఒక్కటే అడిగాను. పోటీ అయ్యాక కారులో, తనంతట తాను ఎత్తేదాకా ఆట ఊసు ఎత్తవద్దని. "అదెంత పనండీ" అన్నారు. వసంతంలో జరిగిన పోటీలో మొదటి గేమ్ 9 పాయింట్లకే పోయింది. రెండోది గెలిచింది. మూడోది 19-21తో ఓడింది. ప్రతి పాయింటుకీ వెనక గీతదాకా నడిచింది, తంతులు సరిచేసుకుంది, పెదవులు కదిలాయి. 14-18 నించి 19-19కి తెచ్చింది. వరసగా ఆరు పాయింట్లు పోగొట్టుకునే పిల్ల ఆవేళ కోర్టులో లేదు.

వారం తర్వాత ఆయన ఫోను చేశారు. "ఇల్లు నలభై మైళ్ళండీ. నోరు మూసుకుని కారు తోలటం ఇంత కష్టమని నాకు తెలియదు. నాలిక చివరిదాకా వచ్చింది, ఆ రెండో సర్వీసు ఎందుకట్లా కొట్టావని. మింగేశాను. ముప్ఫయ్యో మైలు దగ్గర అదే మొదలుపెట్టింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే వుంది." కొంచెం ఆగి, "నాక్కూడా ఆ 'సరే' పనికొచ్చిందండోయ్" అన్నారు.

ఒక హెచ్చరిక చెప్పకపోతే నా మాట అసంపూర్ణం. ఈ సాధనలు ఆరోగ్యంగా వున్న పిల్లకి ఆటలో పనికొచ్చేవి. జబ్బుకి మందు కావు. 2021లో టోక్యోలో సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. గాలిలో వుండగా తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తనకే తెలియని స్థితి. అట్లాంటప్పుడు "గుండె దిటవు చేసుకో" అనటం మెడ విరగ్గొట్టుకోమనటమే. ఆమె ఆగింది, కొద్దిరోజులకి బీమ్ మీద కంచుపతకం తీసుకుంది, తర్వాత విశ్రాంతి తీసుకుంది, చికిత్స చేయించుకుంది. 2024 పారిస్‌లో మూడు బంగారు పతకాలు, ఒక వెండి. పిల్ల రాత్రిళ్ళు నిద్ర పోకపోయినా, తిండి మానేసినా, తనకిష్టమైనవాటి మీదే ఆసక్తి పోయినా అది కోచి పని కాదు, వైద్యుడి పని. కాలు బెణికితే డాక్టరు దగ్గరికి పరుగెడతాం. మనసు సంగతి వచ్చేసరికి నలుగురికీ తెలుస్తుందని దాస్తాం. మన ఇళ్ళల్లో ఈ దాపరికం ఇంకా వుంది. పిల్లలకి అది తెలుసు, అందుకే వాళ్ళు మనకి చెప్పరు.

మన పిల్లల్లో అర్జునులు ఒకరిద్దరు వుంటారు. వాళ్ళకి మనం పెద్దగా చెయ్యవలసింది లేదు, అడ్డం నిలబడకపోతే చాలు. మిగిలిన నూట నలుగురి చేత ఒలింపిక్స్ ఆడించలేం. కాని ఉద్యోగానికి మొదటి ఇంటర్వ్యూ వాళ్ళకీ వస్తుంది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చునే రోజు వాళ్ళకీ వస్తుంది. వణికే చేతిని గమనించి, ఒక ఊపిరి వదిలి, తర్వాత చెయ్యవలసిన పనిమీద చూపు పెట్టటం అప్పటికి అలవాటై వుంటే, శనివారాలు జిమ్ములో గడిపినదానికి అంతకంటె ఏం కావాలి?

జిమ్ము తలుపులు తొమ్మిది గంటలకి తీస్తాం. నెట్లు కట్టటానికి మనుషులు కావాలి. తల్లిదండ్రులు వచ్చి కూర్చోవచ్చు. ఒక్కటే షరతు. అయ్యాక పిల్లల్ని స్కోరెంత అని ముందుగా మీరు అడగకూడదు. కష్టమే, నాకు తెలుసు. దానికీ సాధన వుంది.